రెండేళ్ళు బతికి తీరాల్సిన పోశన్న

పోశన్న ఎవరినీ నమ్మడు. దోహాలోని ముషైరిబ్‌లో ఆ పాత ఇంటి గదిలో ఉండే తొమ్మిది మందీ ఈ మాట ఒప్పుకుంటారు. పదోవాడైన పోశన్న కూడా ఒప్పుకుంటాడు. టమాటాలు కొంటే త్రాసు పళ్ళెం కింద చెయ్యి పెట్టి తడుముతాడు. టాక్సీ ఎక్కేముందు కిరాయి మూడుసార్లు అడుగుతాడు, దిగబోయేముందు నాలుగోసారి అడుగుతాడు. బ్యాంకులో డ్రాఫ్టు తీసుకుంటే, అక్షరం ముక్క రాకపోయినా, కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూసిగాని జేబులో పెట్టుకోడు. ఏం కనబడిందే అని గదిలో మల్లన్న ఆటపట్టిస్తే, "కాయితమైతే మంచిగనే ఉన్నది" అంటాడు.

నవ్వుకోదలిస్తే నవ్వుకోవచ్చు. కాని ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. వాళ్ళది జగిత్యాల తాలూకాలో ఒక ఊరు. తండ్రి పోయేనాటికి పోశన్నకు పందొమ్మిదేళ్ళు. భూమి లెక్కల్లో చచ్చినవాడి పేరు కొట్టేసి వారసుడి పేరు ఎక్కించడాన్ని ఆ వైపు విరాసత్ అంటారు. ఆ ఊరి పట్వారీ విరాసత్ చెయ్యడానికి పోశన్నను మూడేళ్ళు తిప్పుకున్నాడు. మూడేళ్ళూ పోశన్న ఆ ఇంటికి కట్టెలు కొట్టాడు, ఎడ్లను కడిగాడు, వాళ్ళ బిడ్డ పెళ్ళిలో పందిరి గుంజలు పాతాడు. చివరికి పేరైతే ఎక్కింది. తండ్రి దున్నింది మూడెకరాలు, కొడుకు పేర ఎక్కింది రెండు. అదేమిటి దొరా అంటే, "మీ నాయినకు ఉన్నదే రెండెకరాలు" అని పట్వారీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. మనిషి చచ్చినప్పుడే భూమికి దొంగలు పడతారని పోశన్నకు అప్పుడు తెలిసింది. ఆ కోపంతోనే బొంబాయి రైలెక్కాడు.

బొంబాయి మిల్లుల్లో ఇరవై ఏళ్ళు గడిచాయి. డెబ్బై అయిదులో ఎవరో దోహాకు మనుషులు కావాలంటే వచ్చాడు. చమురు ధర కొండెక్కి కూచున్న రోజులవి. నిన్న ఇసుక ఉన్నచోట ఇవాళ పునాది, రేపు నాలుగంతస్తులు. ఆ అంతస్తులన్నిటి లోపల ఉండే ఇనుప కడ్డీలు వంచి, తీగతో బిగించి కట్టే పని పోశన్నది. స్టీల్ ఫిక్సర్ అంటారు. అయిదేళ్ళు ఎండలో ఇనుము పట్టుకుంటే ఊళ్ళో ఇంకో రెండెకరాలు కొన్నాడు. మొత్తం నాలుగు. పిల్లలు లేరు. భార్య ముత్తవ్వ ఉంది, ఆ నాలుగెకరాల చుట్టూ తిరిగే తమ్ముడి కొడుకులున్నారు. తాను పోయాక ముత్తవ్వ చేతిలో ఆ భూమి నిలవాలి. ఆయనకున్న కోరికల్లో పెద్దది అదే.

ఊరి నుంచి ఉత్తరం వస్తే గదిలో చదివించుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. తొమ్మిది జతల చెవులు వింటాయి. అందుకే కామేశ్వరరావు దొరకడం ఆయనకు పండగైంది. కామేశ్వరరావు తణుకు వైపు మనిషి, డెబ్బై దగ్గర పడ్డవాడు, భార్య పోయాక కొడుకు దగ్గరికి, దోహాలోనే అల్ సద్‌లోని ఫ్లాటుకు వచ్చేశాడు. కొడుకు సుధాకరరావు పోశన్న పనిచేసే కంపెనీలోనే ఇంజనీరు. ఒకసారి బట్టలారేసే తీగ కట్టడానికి పోశన్నను ఇంటికి పంపితే, ముసలాయన తెలుగు మాట విని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం పోశన్న ఉత్తరం జేబులో పెట్టుకుని అల్ సద్ వెళ్ళేవాడు. చదివిపెట్టే ఆ పెద్దమనిషిని పంతులూ అని పిలిచేవాడు. ఈయనను ఎందుకు నమ్మావని మల్లన్న అడిగితే పోశన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"ఆయనకు నలభై ఎకరాలున్నయిరా. నా నాలుగెకరాల మీద కన్నెందుకేస్తడు?"

ఎనభైలో, ఎండలు ముదరకముందు, ఒక శుక్రవారం పోశన్న వెళ్ళేసరికి కామేశ్వరరావు తనకొచ్చిన ఉత్తరమే చేతిలో పట్టుకుని కోపంతో ఊగిపోతున్నాడు. పెదనాన్నగారి అబ్బాయి పోయాడట. పోయిన ఆర్నెల్లకు కాగితాలు వచ్చాయట. పొలమెంత, ఇల్లెంత, బంగారమెంత, ఇంట్లో ఇత్తడి బిందెలు ఎన్ని అని.

"దీన్ని ఎస్టేట్ డ్యూటీ అంటారు పోశన్నా. మనిషి పోతే వాడి ఆస్తి మీద వేసే పన్ను."

"సచ్చినంక గూడ పన్నా పంతులూ?"

"చచ్చాకే!"

"మరి ఎవలు కడ్తరు? సచ్చినోడా?"

"వాడి పెళ్ళాం, పిల్లలు."

పోశన్న చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. చట్టం లేకుండానే పట్వారీ ఎకరం మింగాడు. చట్టమే చేతికిస్తే ఎన్ని మింగుతారు? ఈ షేకుల దేశంలో జీతం మీదే పన్ను లేదు. ఇక్కడ చెమటోడ్చి అక్కడ కొనుక్కున్న భూమి మీద, అదీ తాను కళ్ళు మూశాక, ఎవడో వచ్చి ముత్తవ్వ ముందు కాగితం పరుస్తాడా?

పక్కన పేపరు చూస్తున్న సుధాకరరావు తలెత్తి, "నాన్నా, అది పెద్ద ఆస్తులున్న వాళ్ళకే. అందరికీ కాదు. ఆమాటకొస్తే ఉన్నవాడు కొంచెం కడితే తప్పేమిటి? ఆ నలభై ఎకరాలు మీరు దున్నారా, నేను దున్నానా?" అన్నాడు.

"విన్నావా పోశన్నా! నా కొడుకు నా చావుకి గవర్నమెంటు తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు," అన్నాడు ముసలాయన. "మా తాత కూడబెట్టాడు. మా నాన్న కాపాడాడు. శిస్తు కట్టాం, సెస్సు కట్టాం. మళ్ళీ చచ్చినందుకు జరిమానా కట్టాలా? ఇవాళ పెద్ద ఆస్తులకే అంటారు. రేపు ఆ పన్ను గీత కిందికి దించితే అడిగేదెవరు?"

ఎవరి మాట నమ్మాలో పోశన్నకు క్షణం పట్టలేదు. ఇంజనీరు సారు కంపెనీ మనిషి, పై వాళ్ళ మాట మాట్లాడతాడు. తనలాగే తల నెరిసి, భూమి గురించి బెంగపడుతున్నవాడు పంతులు. ఆయన భయంలో అబద్ధం ఎందుకుంటుంది? పెద్ద ఆస్తులకే అన్న మాట పోశన్న ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. గొంతు తగ్గించి, తప్పించుకునే దారి లేదా అని అడిగాడు.

"ఉంది. బతికుండగానే ఇచ్చెయ్యాలి. ఇచ్చాక రెండేళ్ళు బతకాలి. ఈలోగా పోతే ఇచ్చినట్టు లెక్క కాదు, మళ్ళీ ఆస్తిలో కలిపేస్తారు. ఇంకో మెలిక కూడా ఉంది. జబ్బుపడి, చావు తెలిసి ఇచ్చాడని తేలినా ఒప్పుకోరు."

"మీరు ఇచ్చిండ్రా మరి?"

కామేశ్వరరావు కొడుకు వైపు ఒక చూపు చూసి, "చూద్దాం" అన్నాడు.

పోశన్న చూద్దామనే రకం కాదు. ఆ జూన్‌లో సెలవు మీద ఊరికి వెళ్ళాడు. వెళ్ళిన నాలుగో రోజే ముత్తవ్వను బస్సెక్కించి జగిత్యాల తీసుకుపోయి, నాలుగెకరాలూ ఆమె పేర దానపత్రం రాయించి రిజిస్ట్రీ చేయించాడు. ముత్తవ్వ వేలిముద్ర వేసింది గాని, బొటనవేలి సిరా చీర కొంగుకు తుడుచుకుంటూ మొగుడి మొహమే చూస్తూ ఉంది. తిరుగు బస్సులో అడిగింది. ఆ ఊరివాళ్ళకు గల్ఫంతా దుబాయే.

"ఎందుకిచ్చినవ్ నాకు?"

"ఉండనియ్యి."

"ముప్పయి ఏండ్లల్ల ముక్కుపుల్ల అడిగితే గూడ పదిసార్లు ఆలోచించినోనివి. దుబాయ్ల ఎవతెనన్న చేసుకున్నవా?"

"పిస్స లేసిందా నీకు?"

"పిల్లలు లేరని ఎవతెనో చేసుకున్నవ్. నా నోరు మూయించెతందుకు భూమి రాసినవ్. గంతేనా?"

కాదని ఒట్టు పెట్టాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ముత్తవ్వ కడుపులో మాట దాగదు. పన్ను తప్పించుకోవడానికి ఇచ్చాడని బావి దగ్గర ఒక్కరితో అంటే చాలు, సాయంత్రానికి తమ్ముడి కొడుకులకు తెలుస్తుంది, వారానికి తాలూకాఫీసుకు చేరుతుంది. రెండేళ్ళు గడిచాక చెబుదాంలే అనుకున్నాడు. ముత్తవ్వకు ఆ మౌనమే సాక్ష్యమైంది. ఆయన బయల్దేరే రోజున జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది గాని, బస్సు దాకా రాలేదు.

అలా దోహాకు తిరిగి వచ్చిన పోశన్న మీద ఒక కొత్త బాధ్యత పడింది. రెండేళ్ళు చావకూడదు. జీవితంలో ఏనాడూ ప్రాణం గురించి ఆలోచించని మనిషి, తాడు లేకుండా మూడో అంతస్తు దూలం మీద నడిచిన మనిషి, ఇప్పుడు ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడి కింద కడ్డీలు వంచే పని అడిగి తీసుకున్నాడు. రోడ్డు దాటాలంటే రెండు వైపులా కాదు, నాలుగు వైపులా చూసేవాడు. నిన్నటి కూర ముట్టడు. గదిలో ఎవరైనా దగ్గితే మంచం గోడవైపు జరుపుకుంటాడు. "ఈనికి చావంటే గింత భయమని తెల్వదురా" అని మల్లన్న నవ్వేవాడు. పోశన్నకు నవ్వొచ్చేది కాదు. చావుకు ఆయన భయపడలేదు. తారీఖుకు భయపడ్డాడు.

సెలవు నుంచి వచ్చిన రెండు నెలలకు ఎడమ భుజం కింద నొప్పి మొదలైంది. బరువెత్తితే వచ్చేది, కూర్చుంటే పోయేది. మల్లన్న యల్లా, పద, క్లినిక్‌కు పోదాం అంటే, గ్యాసు అన్నాడు, సోడా తాగాడు. కారణం మళ్ళీ అదే. క్లినిక్‌కు పోతే పేరు రాస్తారు, జబ్బు రాస్తారు, తారీఖు వేస్తారు. రేపెవడైనా ఆ కాగితం తీసి, చూడండి, జబ్బు తెలిసే భూమి రాసిచ్చాడు అంటే? సెలవుకు ముందే జబ్బు లేదని రుజువేముంది? ఈ మాట ఆయన ఒక్క కామేశ్వరరావుకే చెప్పాడు. ముసలాయన కాసేపు గడ్డం నిమురుకుని, లోపలికి వెళ్ళి ఏదో అరుగుదల చూర్ణం పొట్లం తెచ్చిచ్చాడు.

"ఇంకెన్నాళ్ళుంది?"

"ఏడాది మీద ఏడు నెలలు."

"ఓర్చుకో. ఎవరి దగ్గరా నోరు జారకు."

ఆ తరువాత శుక్రవారాలన్నీ ఇద్దరూ అదే మాట నంజుకుంటూ కాఫీ తాగారు. ఆస్తి ఉన్నవాడి కష్టం, ఆఫీసుల ఆరాటం, కొడుకుల తెలివి, తమ్ముడి కొడుకుల తెలివి. కామేశ్వరరావు చెబుతుంటే పోశన్న ఊ కొట్టేవాడు, పోశన్న పట్వారీ కథ చెబితే కామేశ్వరరావు తొడ చరిచి "అదీ సంగతి" అనేవాడు. ముత్తవ్వ ఎవరిచేతో రాయించి పంపే ఉత్తరాలు రానురాను చిక్కిపోయాయి. నేను బాగున్నాను, నువ్వు బాగున్నావని తలుస్తాను. అంతే. కామేశ్వరరావు రెండోవైపు తిప్పి చూసేవాడు, అక్కడ ఏమీ ఉండేది కాదు. రెండేళ్ళు కానీ, అన్నీ చెబుతాను అనుకునేవాడు పోశన్న. నొప్పి ఈలోగా భుజం నుంచి మోచేతికి దిగింది.

ఎనభై రెండు మే నెలలో, ఇంకా ముప్పై ఆరు రోజులు ఉందనగా, అల్ సద్‌లో కట్టే మేడ దగ్గర కడ్డీ వంచుతూ వంచుతూ పోశన్న ఇసుకలో కూర్చుండిపోయాడు. ఒళ్ళంతా చల్లటి చెమట. మొహం బూడిద రంగుకు తిరిగింది. సుధాకరరావు పరుగెత్తుకొచ్చి, మల్లన్నతో కలిసి ఎత్తి తన కారు వెనక సీట్లో వేసుకుని హాస్పిటల్‌కు పోనిచ్చాడు. గేటు దగ్గర కారు ఆగింది. పోశన్న తలుపు పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను దిగ సారూ. లోపలికి పోతే రాస్తరు. తారీఖేసి రాస్తరు."

"ఏం రాస్తారు? ఎవరు?"

పోశన్న పిడిని ఇంకా బిగించాడు. మల్లన్న బతిమాలాడు, తిట్టాడు. అప్పుడు నొప్పి ఇంకోసారి మెలిపెడితే, పళ్ళబిగువున ఒక్కొక్క ముక్కా బయటికి వచ్చింది. భూమి, దానపత్రం, రెండేళ్ళు, ముప్పై ఆరు రోజులు. సుధాకరరావుకు ముందు అర్థం కాలేదు, అయ్యాక తల పట్టుకున్నాడు.

"పోశన్నా, నీ నాలుగెకరాలూ అమ్మితే ఎంతొస్తుంది? ఆ పన్ను గీత ఎక్కడో పైన ఉంది. నీ భూమి దాని దరిదాపుల్లో కూడా లేదు. ఇచ్చినా లేదు, ఇవ్వకపోయినా లేదు, ఇవాళ పోయినా లేదు. ముందు దిగు!"

"మీరు అట్లనే అంటరు. పంతులు చెప్తే దిగుత."

వాళ్ళ ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. సుధాకరరావు వేరే కారాపి ఎక్కి వెళ్ళి, పది నిమిషాల్లో తండ్రిని తెచ్చాడు. ముసలాయన లుంగీ మీదే వచ్చాడు, చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నాడు. కారు తలుపు దగ్గర వంగి పోశన్న మొహం చూశాడు. చూసి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పుండ్రి పంతులూ. సారు అనేది నిజమేనా?"

"నిజమే."

"నా భూమికి పన్ను లేదా?"

"లేదు. ఎప్పుడూ లేదు."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

కామేశ్వరరావు కొడుకు వైపు చూడలేదు. "మొదటి రోజే. నాలుగెకరాలన్నావు కదా, అప్పుడే తెలుసు."

మల్లన్న నోట్లోంచి ఒక బూతు వచ్చి మధ్యలో ఆగిపోయింది. ముసలాయనే మళ్ళీ, ఎవరో అడిగినట్టు, చెప్పుకుపోయాడు.

"ఈ ఇంట్లో నా మాట వినేవాడు లేడు పోశన్నా. భయమంటే నవ్వుతారు. నువ్వు ఒక్కడివే విన్నావు, నాతో పాటు భయపడ్డావు. నీకేం ఫరవాలేదని చెప్పేస్తే మళ్ళీ శుక్రవారం రావేమో అనుకున్నాను. నొప్పి అన్నప్పుడైనా చెప్పాల్సింది. చెబుదామనే లోపలికి లేచాను. చూర్ణం పట్టుకుని బయటికొచ్చాను."

పోశన్న ఆయన వైపు తిరిగాడు. ఊపిరి కూడగట్టుకోవడానికి టైము పట్టింది.

"అందర్ని అనుమానించిన పంతులూ. తమ్ముని కొడుకుల్ని, కంపెనీని, ఈ సారును గూడ. నా పెండ్లానికి రెండేండ్లసంది నిజం చెప్పలే, నోరు జారుతదేమోనని. మిమ్ముల ఒక్కర్ని ఇడిసిపెట్టిన. మీకు బుగులైతే, భయమైతే, నాకు చెప్పుకుంటే అయిపోవు. కూసుండి ఇనకపోదునా? ఉత్తరం ఉన్నా లేకున్నా రాకపోదునా?"

కామేశ్వరరావు ఏడ్చాడు. చెయ్యి చాపి పోశన్న మోకాలి మీద పెట్టాడు. "ముత్తవ్వకి నేను రాస్తాను. తప్పంతా నాదేనని, నీ మనసులో ఇంకేం లేదని, ఇవాళే రాసి పంపిస్తాను."

"వద్దు," అన్నాడు పోశన్న. "మీ చేతిరాత నా ఇంటికి పోవద్దు. బతికితే నేనే పోయి చెప్పుకుంట."

తలుపు పిడి వదిలి చెయ్యి సుధాకరరావు వైపు చాపాడు. ఒక పక్క ఇంజనీరు, ఒక పక్క మల్లన్న పట్టుకుని లోపలికి నడిపించారు. బల్ల దగ్గర కూర్చున్న మనిషి పేరు అడిగి రాసుకున్నాడు, వయసు అడిగి రాసుకున్నాడు. నొప్పి ఎప్పటినుంచి అని ఇంగ్లీషులో అడిగాడు. సుధాకరరావు తెలుగులో అడిగాడు.

"ఇరవై నెలలసంది," అన్నాడు పోశన్న. "రాసుకొమ్మనుండ్రి."

సుధాకరరావు ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మనిషి కలం ఆపి, పోశన్నను ఒకసారి ఎగాదిగా చూసి, ఇరవై నెలలా, ఇరవై రోజులా అని మళ్ళీ అడిగాడు.